అయిదు తర్వాత మ్యూజియం: ఎగ్మోర్‌లో అమరావతి రాళ్ళు, చెన్నై తెలుగువారు

చెన్నైలో తరాలుగా ఉంటున్న తెలుగు ఇళ్ళలో ఎగ్మోర్ మ్యూజియం పేరు తెలియనివారు ఉండరు. చిన్నప్పుడు బడివాళ్ళు తీసుకెళ్ళి ఉంటారు, లేకపోతే కాణుం పొంగల్ నాడు ఇంటిల్లిపాదీ పులిహోర డబ్బా కట్టుకుని వెళ్ళి ఉంటాం. మన తాతల కాలంలో ఊరి జనం దాన్ని 'సెత్త కాలేజి' అనేవారు, అంటే చచ్చిన జంతువుల కాలేజీ. జంతుప్రదర్శనశాల 'ఉయిర్ కాలేజి', అంటే ప్రాణమున్నవాటిది. తిమింగలం ఎముకల గూడు ఇప్పటికీ అందరికీ గుర్తే. అదే ఆవరణలో అమరావతి స్తూపం శిల్పాలున్న గది గుర్తుందా అని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు.

పెద్దయ్యాక మళ్ళీ వెళ్ళినవారు తక్కువ. ఉదయం తొమ్మిదిన్నరకు తెరిచి సాయంత్రం అయిదింటికి మూసే చోటికి షావుకారుపేటలో కొట్టు నడిపేవారు, కోడంబాక్కంలో షూటింగులకు పోయేవారు, తెల్లవారకముందే చీపురు పట్టే కార్పొరేషన్ పారిశుధ్య కార్మికులు ఎప్పుడు వెళ్తారు? అందుకే ఈసారి మేము మ్యూజియం సాయంత్రాల గురించి రాస్తున్నాం. బయటి దేశాల్లో ఇది బాగా పాతుకుపోయిన పద్ధతి. మన ఊరికి అది ఏ రూపంలో పనికొస్తుందన్నదే ప్రశ్న.

పద్ధతి ఇలా ఉంటుంది. మామూలు వేళ అయిపోయాక మ్యూజియం తలుపులు మళ్ళీ తీస్తారు, లేదా మూయకుండా రాత్రి దాకా ఉంచుతారు. కళాచరిత్ర తెలిసినవారు ఒక బొమ్మ ముందు నిలబడి అరగంటో గంటో మాట్లాడతారు. బయట వసారాలోనో పెద్ద హాలులోనో వైను, బీరు అమ్ముతారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఇలాంటి కార్యక్రమానికి 'ఫ్రైడే లేట్' అని పేరు పెట్టింది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం శుక్ర, శనివారాల్లో రాత్రి తొమ్మిది దాకా తెరిచే ఉంటుంది. బెర్లిన్ నగరం 1997లో ఒక రాత్రంతా అనేక మ్యూజియంలను కలిపి తెరిచింది. ఆ అలవాటు యూరప్‌లో చాలా ఊళ్ళకు పాకింది.

దీని మొదలు మాత్రం విచిత్రమైనది. 1857లో హెన్రీ కోల్ అనే అధికారి లండన్‌లో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం తెరిచాడు. ఇప్పటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ అదే. గ్యాసు దీపాలు పెట్టించి దాన్ని సాయంత్రాలు కూడా తెరిపించాడు. పగలంతా ఒళ్ళు వంచి పనిచేసే మనిషి పెళ్ళాంబిడ్డలతో వచ్చి నాలుగు మంచి వస్తువులు చూడాలని, సారా దుకాణం వైపు పోయే కాళ్ళు ఇటు తిరగాలని ఆయన ఉద్దేశం. మ్యూజియంలో ఫలహారశాల పెట్టిన ఘనత కూడా ఆయనదే. సారా మాన్పించడానికి పుట్టిన సాయంత్రం ఈనాడు గ్లాసు లేకుండా జరగడం లేదు. కోల్ చూస్తే ఏమనేవాడో!

మన ఎగ్మోర్‌లో కథ తిరగబడి నడిచింది. మ్యూజియం నిలిచిన నేలకు పాంథియన్ అని పేరు. దాని ముందు రోడ్డుకు ఆ పేరు ఇప్పటికీ ఉంది. 1778లో 43 ఎకరాల ఈ తోట హాల్ ప్లమర్ అనే కంపెనీ ఉద్యోగికి దక్కింది. 1793లో ఆయన దాన్ని 24 మంది కమిటీకి అప్పగించాడు. ఊళ్ళోని దొరల వినోదాలు నడిపించడం ఆ కమిటీ పని. విందులు, నాట్యాలు, నాటకాలు అక్కడే జరిగేవి. అంటే ఆ నేల మీద పొద్దుగూకాక గ్లాసులు మోగిన కాలం ముందు వచ్చింది, మ్యూజియం తర్వాత వచ్చింది. 1821లో కమిటీ దాన్ని మూరత్ అనే ఆర్మీనియన్ వర్తకుడికి అమ్మింది. 1830లో ఆయన దగ్గర నుంచి ప్రభుత్వం కొని కచేరీగా వాడుకుంది. 1851లో కాలేజ్ రోడ్డులో పుట్టిన మ్యూజియం, ఎడ్వర్డ్ బాల్ఫర్ చేతుల మీదుగా 1854లో ఈ పాంథియన్‌కు మారింది. ఆ ఆవరణలోని ఎర్రటి గుండ్రటి మ్యూజియం థియేటర్‌లో నాటకాలు మాత్రం నేటికీ సాయంత్రాలే ఆడతారు. శిల్పాలున్న గదులకే అయిదు గంటల గడియ.

ఇక రాళ్ళ సంగతి. దీన్ని కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఆ గదిలో ఉన్నది మన సొంత సరుకు.

కృష్ణ ఒడ్డున ధాన్యకటకం పక్కన కట్టిన మహాస్తూపం క్రీస్తుకు పూర్వమే మొదలై, శాతవాహనుల కాలంలో పూర్తి వైభవానికి వచ్చింది. శిథిలమై మట్టిదిబ్బ అయ్యాక ఊరివాళ్ళు దాన్ని దీపాలదిన్నె అన్నారు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు పక్కనే అమరావతి పట్నం కట్టిస్తున్నప్పుడు రాళ్ళ కోసం దిబ్బను తవ్వారు. చెక్కిన పలకలు బయటపడ్డాయి. ఆ కబురు విని 1797లో కాలిన్ మెకంజీ వెళ్ళి చూశాడు. ఆయనకు ఊరూరా తిరిగి సమాచారం సేకరించి పెట్టిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ఏలూరు ప్రాంతపు తెలుగువారే. మెకంజీ రెండోసారి వచ్చేటప్పటికి చాలా రాళ్ళు కట్టడాల్లోకి పోయాయి. కొన్నిటిని రాబర్ట్‌సన్ అనే అధికారి మచిలీపట్నం తీసుకెళ్ళి సంత చావడి అలంకారానికి పెట్టించాడు.

1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు పడవెక్కి మద్రాసు చేరాయి. చేరి ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్నాయి. 1859లో వాటిలో 121 లండన్‌కు పంపేశారు. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో, గాలి తేమను అదుపులో పెట్టే అద్దాల గదిలో ఉన్నాయి. 1877లో సూయెల్, ఆ తర్వాత బర్జెస్ తవ్వించినవి, మచిలీపట్నం నుంచి తెచ్చినవి మద్రాసుకు మిగిలాయి. వాటిని ఆనాటివారు తెలిసీ తెలియక గోడలకు సిమెంటుతో అతికించేశారు. బర్జెస్ అప్పుడే అది తప్పని మొత్తుకున్నాడు. ఈ శిల్పాలన్నిటినీ వరుసగా చదివి, పోల్చి, 1942లో సి. శివరామమూర్తి రాసిన గ్రంథం ఈనాటికీ అందరికీ ఆధారం.

ఆ గదిలో ఒక్క రాయి ముందే పావుగంట నిలబడవచ్చు. నలగిరి అనే మదపుటేనుగు కథ చెక్కిన గుండ్రటి ఫలకం ఉంది. ఎడమవైపు ఏనుగు వీధిలో పడి జనాన్ని తొక్కుతుంది. అదే ఏనుగు కుడివైపు బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. రెండు క్షణాలు ఒకే చక్రంలో ఉన్నాయి. మేడ కిటికీల్లోంచి తొంగిచూసే ఆడవాళ్ళు, భయంతో పక్కవాడిని పట్టుకున్న స్త్రీ, ఇవన్నీ ఎవరైనా వేలు పెట్టి చూపిస్తే తప్ప కంటికి ఆనవు. బొమ్మ ముందు మాట్లాడే మనిషి అవసరం అందుకే. చిన్న చీటీ మీద రెండు ముక్కలు రాసి అతికిస్తే ఆ వీధి గోల వినిపించదు.

శాసనాలు మరో విషయం చెబుతాయి. ఈ స్తూపానికి పలకలిచ్చింది రాజులు ఒక్కరే కాదు. వర్తకులు, గృహస్థులు, భిక్షుణులు ఇచ్చారు. విధికుడు అనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను దానం చేసినట్టు పేరుతో సహా ఉంది. ఈ నగరంలో చెప్పులు కుట్టి, వీధులు ఊడ్చి బతికిన తెలుగు పేటల పిల్లలకు ఆ పేరు ఎవరైనా చెప్పారా? రెండు వేల ఏళ్ళ నాటి తెలుగు నేల మీద తమలాంటి వృత్తివాడు రాతి మీద పేరు చెక్కించుకున్నాడని తెలిస్తే ఆ గది వాళ్ళకు వేరేగా కనిపిస్తుంది. అమరావతి శాసనంలోని 'నాగబు' అన్న మాటను వేటూరి ప్రభాకరశాస్త్రి తొలి తెలుగు పదంగా గుర్తించిన సంగతి కూడా మన పిల్లలకు ఇక్కడే చెప్పాలి. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ చదవడం రాని తరం ఇది. చెవిన వేస్తేనే ఎక్కుతుంది.

మళ్ళీ గ్లాసు దగ్గరికి వద్దాం. చెన్నైలో సర్కారు మ్యూజియంలో మందు పోయించడం అన్నది జరిగే పని కాదు. ఈ రాష్ట్రంలో 1971 దాకా మద్యనిషేధం ఉంది. 2003 నుంచి చిల్లర అమ్మకం టాస్మాక్ చేతిలోనే ఉంది. 2023 ఏప్రిల్‌లో కల్యాణ మండపాలు, సమావేశ మందిరాలు, క్రీడా మైదానాల్లో వేడుకలకు ప్రత్యేక అనుమతి ఇస్తామన్న నిబంధన బయటికి రాగానే గొడవ లేచింది. కల్యాణ మండపాల మాట వెంటనే తీసేశారు. మన ఇళ్ళ సంగతి చూసినా అంతే. మందు ఉందంటే అమ్మమ్మలు రారు, ఆడపిల్లలను పంపరు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచిన ఉద్యమం మన చుట్టాల ఊళ్ళ కథ. తాగేవారిని తప్పుపట్టడం మా పని కాదు కానీ, కుటుంబాలు రాని సాయంత్రం మనకు అక్కరలేదు.

రాయి కూడా ఒప్పుకోదు. అమరావతి శిల్పాలను పాలరాయి అని రాయడం అలవాటైంది గానీ, నిజానికి అది పల్నాటి సున్నపురాయి. వంటింట్లో కడప బండ మీద నిమ్మచెక్క పెట్టి మరిచిపోతే తెల్లమచ్చ పడటం మనందరికీ తెలుసు. అదీ సున్నపురాయే. వైను, నిమ్మసోడా, కోలా, ఏ పులుపు తగిలినా ఈ రాయి కొరుకుడు పడుతుంది. అందుకే విదేశాల్లో కూడా గ్లాసులను శిల్పాల గదిలోకి రానివ్వరు. ఎర్ర వైనును గడప దాటనివ్వని మ్యూజియంలు చాలా ఉన్నాయి. తిండి తునకలు పురుగులను పిలుస్తాయన్న భయమూ ఉంది. మన ఫిల్టర్ కాఫీకైనా ఇదే నియమం: రాళ్ళు ఒక చోట, లోటా ఇంకో చోట.

నిజానికి వినడమూ తాగడమూ కలిపిన సాయంత్రం ఈ ఊరికి కొత్త కాదు. మార్గశిరంలో సభల్లో కచేరీ ఎంత ముఖ్యమో, పక్కన క్యాంటీన్ అంత ముఖ్యం. మ్యూజిక్ అకాడమీలో పొద్దున్నే సంగీతం మీద ఉపన్యాసాలు విని, కాఫీ తాగుతూ వాదించుకోవడం పాత అలవాటు. 2004 నుంచి ఆగస్టులో జరుగుతున్న మద్రాస్ వారోత్సవాల్లో కూడా ఉపన్యాసాలు, పాత వీధుల్లో నడకలు ఉంటాయి. 1639లో దామెర్ల నాయకులు ఇచ్చిన స్థలం మాట అందులో వస్తే మనవాళ్ళు ఛాతీ విరుస్తారు. అమరావతి రాళ్ళ మాట మన సంఘాలు ఎత్తడం మాత్రం మాకు తక్కువగానే కనిపిస్తోంది.

తేడా ఎక్కడుందో చూడండి. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం శుక్రవారాల్లో రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచే ఉంటుంది, ప్రవేశం ఉచితం. అక్కడ ఆఫీసు ముగించుకున్న తెలుగు కుర్రాడు దారిలో ఆగి అమరావతిని పలకరించి ఇంటికి పోగలడు. అమరావతికి ఒక్క రాత్రి రైలు దూరంలో ఉన్న మనకు ఆ వీలు లేదు.

గదులను రాత్రి తెరవమని అడిగితే దీపాలు, కాపలా, సిబ్బంది జీతాలు అన్నీ లెక్కకు వస్తాయి. అది ప్రభుత్వం చేయాల్సిన నిర్ణయం. అంతవరకు మన తెలుగు సంఘాలు చేయగలిగిన పని ఒకటుంది. ఒక సెలవురోజు మూడున్నరకు పాతిక మందికి మించకుండా గ్యాలరీకి వెళ్ళాలి. పెద్ద గుంపైతే వెనకవాళ్ళకు ఏమీ కనిపించదు. చూడవలసిన రాళ్ళు మూడు, నాలుగు చాలు. ముందుగా మ్యూజియం డైరెక్టర్‌కు ఉత్తరం రాసి, లోపల మాట్లాడటానికి అనుమతి తీసుకోవాలి. అయిదింటికి బయటికొచ్చి, ముందే మాట్లాడుకున్న హాలులో కూర్చుని, బొమ్మలు తెర మీద వేసుకుంటూ ఒక గంట ఉపన్యాసం వినాలి. ఆ ఆవరణలోనే మ్యూజియం థియేటర్ అద్దెకు దొరుకుతుంది. పాతిక మందికి అది పెద్దదే, ఎగ్మోర్‌లో చిన్న హాలు చూసుకున్నా సరిపోతుంది. ఉపన్యాసం తెలుగులో ఉండాలి. తమిళం మాత్రమే బాగా వచ్చిన కోడళ్ళు, అల్లుళ్ళు, పిల్లలు మన ఇళ్ళలో ఉన్నారు కాబట్టి మధ్యమధ్య తమిళంలో కూడా చెప్పాలి. కాఫీ, వడ ఉపన్యాసం తర్వాతే. ముందే పెడితే సగం మంది లోపలికి రారు, ఇది సభల అనుభవం.

ఎగ్మోర్ స్టేషన్‌లో దిగితే పాంథియన్ రోడ్డు నడిచే దూరమే. పెద్దవాళ్ళతో వచ్చేవారు ఆటో మాట్లాడుకోవడం మేలు, లోపల నడక చాలా ఉంటుంది.