గేమింగ్, గ్రాఫిక్స్ పనులకు ల్యాప్‌టాప్ ఎంపిక: డ్రైవర్ మద్దతు సహా గమనించవలసిన అంశాలు

ప్రత్యేక వ్యాసం

తెలుగు చిత్రం "ఈగ" 60వ జాతీయ చలనచిత్ర అవార్డులలో ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ పురస్కారాన్ని గెలుచుకున్న నాటి నుంచి యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ రంగాలపై తెలుగు యువతలో ఆసక్తి మరింత పెరిగింది. తెలంగాణ రాష్ట్రం 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాలకు ప్రత్యేకంగా "ఇమేజ్" విధానాన్ని ప్రకటించింది. ఈ విద్యలో అడుగుపెట్టే విద్యార్థికి మొదటి పెద్ద ఖర్చు ల్యాప్‌టాప్. మధ్యతరగతి కుటుంబానికి ఇది నెలల తరబడి వాయిదాలు కట్టవలసిన వస్తువు. కంటికి నచ్చిన రంగును, కార్డు పేరును మాత్రమే చూసి కొన్న యంత్రం చదువు ముగియకముందే పనికిరాకుండా పోయే ప్రమాదం ఉన్నందున, కొనుగోలుకు ముందు పరిశీలించవలసిన అంశాలను ఇక్కడ పొందుపరచడమైనది.

పేరు ఒకటే, శక్తి వేరు

ఆటలకైనా, త్రీడీ చిత్రాల రూపకల్పనకైనా ప్రధానమైనది గ్రాఫిక్స్ ప్రాసెసర్. అయితే దాని పేరు ఒక్కటే పనితీరును నిర్ణయించదు. ఉదాహరణకు ఎన్‌విడియా సంస్థకు చెందిన ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ కార్డును తయారీదారులు 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు తమకు అనువైన విద్యుత్ పరిమితితో అమర్చుకోవచ్చు. పలుచని ల్యాప్‌టాప్‌లో తక్కువ వాట్లతో నడిచే కార్డు, మందమైన ల్యాప్‌టాప్‌లో పూర్తి వాట్లతో నడిచే కార్డు ఒకే పేరుతో అమ్ముడవుతాయి గాని, ఒకే వేగం ఇవ్వవు. కనుక విక్రేతను అడగవలసిన మొదటి ప్రశ్న కార్డు గరిష్ఠ వాట్లు ఎన్ని అన్నదే.

డెస్క్‌టాప్ కార్డులతో పోల్చి అంచనా వేయడం కూడా పొరపాటే. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4070లో 12 జీబీ వీడియో మెమొరీ ఉండగా, అదే అంకె గల ల్యాప్‌టాప్ కార్డులో 8 జీబీ మాత్రమే ఉంటుంది. ఆటలలో మెమొరీ చాలకపోతే వేగం తగ్గుతుంది. త్రీడీ రెండరింగ్‌లో దృశ్యం మెమొరీలో పట్టకపోతే పని నత్తనడక నడవవచ్చు, లేదా మధ్యలోనే ఆగిపోవచ్చు.

మెమొరీ, తెర, శీతలీకరణ

సాధారణ గేమింగ్‌కు, ఫోటోల సవరణకు 16 జీబీ ర్యామ్ సరిపోతుంది. వీడియో ఎడిటింగ్, త్రీడీ పనులు చేసేవారికి 32 జీబీ శ్రేయస్కరం. కొన్ని నమూనాలలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించి ఉంచుతారు. వాటిలో తర్వాత పెంచుకునే వీలుండదు కనుక ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

గేమర్‌కు తెర ఎంత వేగంగా మారుతుందన్నది ముఖ్యం. చిత్రకారునికి రంగులు ఎంత నిజాయితీగా కనిపిస్తాయన్నది ముఖ్యం. 144 హెర్ట్జ్ తెర అయినంత మాత్రాన రంగులు సరిగా ఉంటాయని భావించరాదు. ఎస్‌ఆర్‌జీబీ రంగుల పరిధిని దాదాపు పూర్తిగా చూపలేని తెరపై తయారుచేసిన పోస్టరు ముద్రణలో వేరే రంగులో వచ్చే అవకాశం ఉన్నది. శీతలీకరణ సరిగా లేని యంత్రంలో వేడి పెరిగినకొద్దీ ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మన వేసవిలో ఈ అంశం మరింత కీలకం.

డ్రైవర్ మద్దతు

గ్రాఫిక్స్ కార్డుకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య దుబాసీ వంటి సాఫ్ట్‌వేరే డ్రైవర్. 2008 చివరి వరకు ఎన్‌విడియా కార్డులున్న ల్యాప్‌టాప్‌ల యజమానులు డ్రైవర్ కోసం ప్రధానంగా ల్యాప్‌టాప్ తయారీదారుపైనే ఆధారపడవలసి వచ్చేది. ఆ ఏడాది డిసెంబరులో ఆ సంస్థ ల్యాప్‌టాప్ డ్రైవర్లను నేరుగా అందించడం ప్రారంభించింది. 2019 నుంచి ఆటలకు "గేమ్ రెడీ", సృజనాత్మక పనులకు "స్టూడియో" అనే రెండు రకాల డ్రైవర్లు లభిస్తున్నాయి. కొత్త ఆటలు ఆడేవారికి మొదటిది, నిలకడ కోరే గ్రాఫిక్స్ నిపుణులకు రెండవది అనువైనవి.

ఈ మద్దతుకూ ఒక గడువు ఉంటుంది. ఎన్‌విడియా కెప్లర్ తరం ల్యాప్‌టాప్ కార్డులకు సాధారణ నవీకరణలు 2019 ఏప్రిల్‌లో నిలిచిపోయాయి. అదే తరం డెస్క్‌టాప్ కార్డులకు అవి 2021 ఆగస్టు వరకు కొనసాగాయి. 2014లో వచ్చిన జీటీఎక్స్ 800ఎం శ్రేణిలో కొన్ని కార్డులు కెప్లర్ తరానివే. అటువంటి యంత్రాన్ని 2015లో కొన్నవారికి లభించినది దాదాపు నాలుగేళ్ల మద్దతు మాత్రమే. మాక్స్‌వెల్, పాస్కల్ తరాల కార్డులకు గేమ్ రెడీ డ్రైవర్లు 2025 అక్టోబరుతో ముగిశాయి. వాటికి 2028 అక్టోబరు వరకు భద్రతా నవీకరణలు మాత్రమే అందుతాయని సంస్థ ప్రకటించింది. తక్కువ ధరకు పాత తరం ల్యాప్‌టాప్ కొనేవారు ఈ లెక్క తప్పక వేసుకోవాలి.

ఆపరేటింగ్ సిస్టమ్ విషయమూ అంతే. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 భద్రతా చిప్ అవసరం. లైనక్స్ వాడదలచినవారికి ఏఎండీ కార్డుల డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉండటం సౌకర్యం.

కొత్త డ్రైవర్ వేసిన తర్వాత ఇబ్బంది తలెత్తితే డివైస్ మేనేజర్‌లోని "రోల్ బ్యాక్ డ్రైవర్" ద్వారా పాత దానికి మరలవచ్చు. ముఖ్యమైన పని గడువు దగ్గరపడిన వేళ డ్రైవర్ మార్చకపోవడమే మేలు.

వాడే సాఫ్ట్‌వేర్‌ను ముందు తెలుసుకోవాలి

2021 డిసెంబరులో వెలువడిన బ్లెండర్ 3.0లో ఓపెన్‌సీఎల్ రెండరింగ్‌ను తొలగించారు. దానిపై ఆధారపడిన పాత ఏఎండీ కార్డులు కొత్త వెర్షన్లలో ఆ పనికి ఉపయోగపడలేదు. కార్డు చెడిపోలేదు, సాఫ్ట్‌వేర్ ముందుకు సాగిపోయింది. త్రీడీఎస్ మ్యాక్స్ విండోస్‌పై మాత్రమే పనిచేస్తుంది కనుక అది నేర్చుకునే విద్యార్థికి మ్యాక్‌బుక్ అనుకూలం కాదు. కళాశాలలో బోధించే సాఫ్ట్‌వేర్ల జాబితాను ముందు తీసుకుని, ఆ తర్వాతే దుకాణానికి వెళ్లడం ఉత్తమం.

కార్యాలయాల కొనుగోళ్లు

ప్రచురణ, రూపకల్పన విభాగాలకు ల్యాప్‌టాప్‌లు కొనే అధికారులు సాంకేతిక నిబంధనలలో కార్డు పేరుతోపాటు కనీస వాట్లు, వీడియో మెమొరీ, తెర రంగుల పరిధి, అదనపు ర్యామ్ స్లాట్, వారంటీ కాలం పేర్కొనడం అవసరం. ఇవి లేనప్పుడు పేరుకు సరిపోయి పనికి సరిపోని యంత్రం అతి తక్కువ ధరతో ముందుకు వచ్చే అవకాశం ఉన్నది.

కొనుగోలుదారుల హక్కులు

తప్పనిసరి నమోదు ఉత్తర్వు ప్రకారం ల్యాప్‌టాప్‌లకు భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు ఉండాలి. కొనేటప్పుడు బిల్లు, వారంటీ పత్రం, వాట్ల వివరం రాతపూర్వకంగా తీసుకోవాలి. ప్రకటించిన లక్షణాలు యంత్రంలో లేనట్లయితే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

చేయబోయే పని, దానికి కావలసిన సాఫ్ట్‌వేర్, దానికి తగిన కార్డు, ఆ కార్డుకు మిగిలి ఉన్న డ్రైవర్ మద్దతు: ఈ వరుసలో ఆలోచించిన కొనుగోలుదారు వెచ్చించిన సొమ్ముకు తగిన ఫలితం పొందగలరు.