దీవులకు తీగ చేరిన ఏడాది

పాఠ్యపుస్తకంలోని గుండె బొమ్మ కదలదు. అదే బొమ్మ కంప్యూటరు తెర మీద కొట్టుకుంటూ, మీరు తాకిన గది పేరు చెబుతూ, జవాబు తప్పితే మళ్ళీ ప్రయత్నించమంటే ఎలా ఉంటుంది? అటువంటి పాఠాన్ని ఉపాధ్యాయుడే తయారు చేసుకోవడానికి తోడ్పడేదే ఆథరింగ్ సాఫ్టువేరు.

దీని కథ 1960లో మొదలైంది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్ బృందం 'ప్లేటో' అనే బోధనా వ్యవస్థను నిర్మించింది. దానిపై పాఠాలు రాయడానికి పాల్ టెంజార్ 'ట్యూటర్' అనే కంప్యూటరు భాషను రూపొందించాడు. అయితే భాష నేర్చుకోవడం అందరికీ సాధ్యం కాదు కదా! 1987లో వచ్చిన 'హైపర్‌కార్డ్' ఆ శ్రమ తగ్గించింది. కార్డులు పేర్చి, వాటి మీద మీటలు అమర్చితే చాలు. 'ఆథర్‌వేర్'లోనైతే బొమ్మ, శబ్దం, ప్రశ్నలను సూచించే గుర్తులను ఒక గీత వెంట వరుసగా పెడితే పాఠం సిద్ధమయ్యేది. 1996లో 'ఫ్లాష్' వచ్చింది. ఇది బొమ్మను చుక్కలుగా కాక, గీతల లెక్కలుగా దాచుకునేది. అందువల్ల ఫైలు చిన్నదై, నెమ్మదైన ఇంటర్నెట్‌లో కూడా నడిచేది.

ఇప్పుడు అండమాన్, నికోబార్ దీవులకు వద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఈ దీవులు చాలా కాలం ఇంటర్నెట్ కోసం ఉపగ్రహాల మీదే ఆధారపడ్డాయి. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ప్రశ్న పైకెళ్ళి కిందికి రావాలి, జవాబూ అలాగే రావాలి. మొత్తం అర సెకను! పైగా, ఆ కొద్దిపాటి సామర్థ్యాన్నే అందరూ పంచుకోవాలి.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భంలో వేసిన దాదాపు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ తీగ ప్రారంభమైంది. ఇది పోర్ట్ బ్లెయిర్‌ను, మరికొన్ని దీవులను కలిపింది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన ఆ నగరానికి చెన్నై నుంచి కాంతి సంకేతం చేరడానికి సెకనులో వందో వంతు కూడా పట్టదు.

విచిత్రం చూడండి. అదే ఏడాది డిసెంబరు 31న అడోబ్ కంపెనీ ఫ్లాష్‌కు మద్దతు నిలిపివేసింది. ప్రపంచమంతటా ఉపాధ్యాయులు ఏళ్ళ తరబడి చేసిన పాఠాలు మామూలు బ్రౌజర్లలో తెరుచుకోకుండా పోయాయి. దారి పడిన ఏడాదే బండి ఆగిపోయిందన్నమాట! ఆ తరువాత 'రఫుల్' వంటి సాఫ్టువేర్లు కొన్నింటిని తిరిగి నడిపించగలిగాయి, అన్నింటినీ కాదు.

పుస్తకం అచ్చయ్యాక ముద్రణాలయం మూతపడినా దాన్ని చదువుకోవచ్చు. కంప్యూటరు పాఠానికి ఆ భాగ్యం ఉండాలంటే, అది ఒక్క కంపెనీ సొత్తు కాని పద్ధతిలో ఉండాలి. 2013లో వెలువడిన 'హెచ్5పి' వంటి స్వేచ్ఛా సాఫ్టువేర్లు మామూలు వెబ్ ప్రమాణాల మీదే నడుస్తాయి. వాటి నిర్మాణాన్ని ఎవరైనా చూడవచ్చు, సరిచేయవచ్చు.

రేపు మీరూ తెలుగులో ఒక పాఠం తయారు చేయవచ్చు. అప్పుడు అది ఎంత అందంగా ఉందని మాత్రమే కాక, ఇరవై ఏళ్ళ తరువాత తెరుచుకుంటుందా అని కూడా ప్రశ్నించుకోండి.