లీటరుకెంత?

మన దేశంలో కార్ల చరిత్రలో సగం ఈ ఒక్క ప్రశ్నే రాసిందని నా అనుమానం.

1976లో జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ అమ్మకానికి వచ్చింది. సంసారపక్షపు చిన్నకారులో 110 అశ్వశక్తుల ఇంజను! 5,000 బళ్ళు పోతే చాలనుకున్నారు. తొలితరమే 4,60,000 దాటింది. పొద్దున కూరగాయల సంచీ మోసి, సాయంత్రం ఖాళీ రోడ్డు మీద ఉరకగల బండి. 'హాట్ హ్యాచ్' అంటే అంతే.

ఆ ఊహ మనదాకా రావడానికి పాతికేళ్ళు పట్టింది. 2001లో ఫియట్ పాలియో వచ్చింది. ప్రకటనల్లో సచిన్ టెండూల్కర్. అందులో 1.6 జీటీఎక్స్‌ది సుమారు 100 అశ్వశక్తుల బలం. అప్పటి మన చిన్నకార్లలో అరుదు. జనం మెచ్చుకున్నారు, ఆ తర్వాత ఆ ప్రశ్న అడిగారు, జవాబు విని వెనుదిరిగారు. పాతకార్ల బజారులో దాని వెల పడిపోయింది.

అలా పడిపోబట్టే నావంటివాడికి అందింది. కొత్త మోటారుసైకిలు ఖరీదుకు 2002 నాటి బండి! తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసిన చప్పుడు. శ్రీశైలం ఘాటులో రెండో గేరులో మలుపు తిరిగి పైకి లాగుతుంటే ఆ ఇంజను చేసే నాదాన్ని వర్ణించబోను, అతిశయోక్తి అంటారు.

15 ఏళ్ళు నిండాక రిజిస్ట్రేషను పొడిగించుకున్నాను. ఇక ఐదేళ్ళకోసారి పరీక్షే. విడిభాగాల కోసం పాతసామాన్ల కొట్లు గాలించడం అలవాటైంది. ఇంట్లో మాత్రం ఓపిక తరుగుతోంది.

మొన్న ఒక కుర్రవాడు బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, బానెట్ ఎత్తించి చూసి, "అమ్ముతారా సార్?" అన్నాడు. లీటరుకెంతని అడగలేదు. అతనికింకా జవాబు చెప్పలేదు.