తుపానునాటి శరణము

గ్రామపెద్దలారా!

మన మలికిపురము సీమకు పడమట వసిష్ఠయు, తూర్పున వైనతేయయు, దక్షిణమున సముద్రమును హద్దులు. ఇది నీటినడుమ నున్న పల్లపునేల. ఉప్పెన వచ్చినచో పరుగెత్తి యెక్కుటకు మెట్ట లేదు.

1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన పొంగి సుమారు 10,000 మందిని బలిగొన్నది. ఆ దుఃఖము పిమ్మటనే మన తీరమువెంట తుపాను రక్షణ భవనములు విరివిగా లేచినవి. వెల్లువ క్రిందుగా సాగిపోవునట్లు ఎత్తైన స్తంభములపై వానిని నిలిపిరి.

1996 నవంబరు 6న తుపాను మన కోనసీమనే తాకెను. వేయిమందికి పైగా మరణించిరి. లక్షల కొబ్బరిచెట్లు కూలినవి. ఆ రాత్రి గట్టికప్పు క్రింద చేరినవారికిని, పూరియింట నిలిచినవారికిని గల భేదమును మీలో పెక్కురు కన్నులార చూచితిరి.

అయినను ఈ భవనములను తుపానుకంటె మన మరపే యెక్కువగా పాడుచేయుచున్నది. ఉప్పుగాలికి కాంక్రీటులోని యినుపచువ్వలు తుప్పుపట్టి పెచ్చులూడును. నేను చూచిన యొక యూరి భవనము నిండ వరిగడ్డియు, ఎరువుల బస్తాలును ఉండెను. తాళపుచెవి యెవరియొద్ద నున్నదని యడిగితిని. నలుగురు నాలుగు పేర్లు చెప్పిరి. అర్ధరాత్రి గాలి లేచినప్పుడు దానిని వెదకువారెవరు?

కావున ఏటేట ఆశ్వయుజము రాకమునుపే కప్పును, స్తంభములను పరీక్షింపుడు. తాళపుచెవులు ఇద్దరియొద్ద నుంచి, వారి పేర్లు ఊరెల్ల తెలుపుడు. త్రోవ మెరకచేయుడు, నీటితొట్టి కడిగింపుడు. వృద్ధులను, చూలాండ్రను ముందుగా చేర్చు పనిని యువకులకు పేరుపేరున పంచుడు. తెరపినాళ్లలో మనము దానిని కాపాడినగాని, గాలినాడు అది మనలను కాపాడజాలదు.