గురువు వదిలేసిన పిల్ల, గుడి కట్టిన తల్లి: బెంగళూరు నాగరత్నమ్మ

ఏటా పుష్య బహుళ పంచమి నాడు తమిళనాట కావేరి ఒడ్డున ఉన్న తిరువయ్యారులో త్యాగరాజస్వామి ఆరాధన జరుగుతుంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన గాయకులు, వాద్యకారులు ఎదురెదురు వరుసల్లో కూర్చుని ఘనరాగ పంచరత్న కీర్తనలను ఒక్క గొంతుగా పాడతారు. ఆడా మగా తేడా లేదు. పాడేవారిలో చాలామంది మాతృభాష తెలుగు కాకపోయినా అందరి నోటా ఎక్కువగా వినిపించేది తెలుగు సాహిత్యమే. ఆ సన్నిధికి ఎదురుగా ఒక స్త్రీ విగ్రహం ఉంటుంది. ఆమె బెంగళూరు నాగరత్నమ్మ గారు. త్యాగరాజస్వామికి అక్కడ గుడి కట్టించింది ఆమే. అయితే గుడి కట్టిన తరువాత కూడా ఆ స్వామి ముందు నిలబడి పాడే హక్కు కోసం ఆమె చాలా ఏళ్లు పోరాడవలసి వచ్చిందన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

యాభై ఏళ్ల పండుగ చేసుకునేటప్పుడు ఏ పాఠశాల అయినా తన పిల్లలు ఏమేమి సాధించారో లెక్క చూసుకోవడం సహజం. ఎవరు ఏ పదవికి ఎదిగారు, ఎవరు ఏ దేశంలో స్థిరపడ్డారు, ఎవరికి ఏ బిరుదు వచ్చింది అని చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. దానితో పాటు, ఆ లెక్కలో ఇంకొక గడి ఉండాలేమో అని ఆలోచింపజేసే జీవితం కాబట్టి నాగరత్నమ్మ గారి కథ ఈ సంచికలో ఉండదగినదని నాకు అనిపించింది.

ఆగిపోయిన చదువు

నాగరత్నమ్మ 1878 నవంబరు 3న మైసూరు దగ్గరి నంజనగూడులో పుట్టింది. తల్లి పుట్టలక్ష్మి దేవదాసీ కులస్త్రీ. ఆమె పూర్వులు మైసూరు ఆస్థానంలో పాటకు, వాద్యానికి సేవ చేసినవారు. తండ్రి సుబ్బారావు వకీలు. ఆయన తల్లినీ బిడ్డనూ వదిలేశాడు. నిలువనీడ లేని పుట్టలక్ష్మి పిల్లను తీసుకుని మైసూరులో ఒక ఆస్థాన సంస్కృత పండితుడి ఆశ్రయం చేరింది.

ఆయన పేరు గిరిభట్ట తిమ్మయ్య. పిల్ల చురుకుదనం చూసి సంస్కృతం, సంగీతం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో ఆడపిల్లకు, అందులోనూ తండ్రి అండ లేని పిల్లకు, అలాంటి చదువు దొరకడం అదృష్టమే. అయిదేళ్ల వయసులో ఆచారం ప్రకారం ఆమెను దేవదాసీగా సమర్పించారు. అయిదేళ్ల పిల్ల జీవితం ఏ దారిన పోవాలో పెద్దలే తీర్మానించేశారు. ఇప్పటి కళ్లతో చూస్తే మనసు చివుక్కుమనే ఆచారం అది.

తరువాత ఆ గురువు కూడా చదువు చెప్పడం మానేసి తల్లీబిడ్డలను దూరం పెట్టాడు. ఆ వయసు పిల్లకు ఇది రెండో దెబ్బ. మొదట తండ్రి పోయాడు, ఇప్పుడు తండ్రి స్థానంలో ఉన్న గురువు పోయాడు. పాఠం మధ్యలో ఆగిపోయింది. బిడ్డ గొప్ప విద్వాంసురాలైన తరువాతే మళ్లీ మైసూరులో అడుగుపెడతామని పుట్టలక్ష్మి శపథం చేసి ఊరు విడిచిందని ఆమె జీవితకథ రాసినవారు చెబుతారు.

మేనమామ ఇంట

ఆదుకున్నది మేనమామ వెంకటస్వామప్ప. ఆయన వృత్తి వయొలిన్ వాయించడం. బెంగళూరులో ఆయన నీడన ఆగిన చదువు మళ్లీ మొదలైంది. కన్నడం, తెలుగు, ఇంగ్లీషు నేర్చుకుంది. పాట, వయొలిన్, నాట్యం సాధన చేసింది. సంగీతం నేర్పిన మునుస్వామప్ప త్యాగరాజస్వామి శిష్యపరంపరలోని వారు. అంటే, ఒక గురువు వదిలేసిన పిల్లను ఇంకొక గురువు చేరదీసి నేరుగా త్యాగరాజు పాటకు వారసురాలిని చేశాడన్నమాట. మాస్టారి మాట ఒకటి పిల్ల బతుకును ఎటు తిప్పగలదో ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు.

కష్టాలు అంతటితో తీరలేదు. పద్నాలుగేళ్ల వయసులో తల్లి చనిపోయింది. ఆ మరుసటి ఏడే, తన పదిహేనో ఏట, నాగరత్నమ్మ పండితుల ఎదుట వయొలిన్ విద్వాంసురాలిగా, నర్తకిగా తొలి ప్రదర్శన ఇచ్చింది. తరువాత మైసూరు ఆస్థానంలో గౌరవం దక్కింది. ఏ ఊరి నుంచి అవమానంతో బయటికి వచ్చారో ఆ ఊరే ఆమెను పిలిచి కూర్చోబెట్టింది. తల్లి శపథం నెరవేరింది. చూడడానికి తల్లి లేదు.

చాలా జీవితకథలు ఇక్కడ ముగుస్తాయి. కష్టపడింది, పైకి వచ్చింది, కథ కంచికి. నాగరత్నమ్మ గారి విషయంలో అసలు కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది.

మద్రాసు రోజులు

మైసూరు హైకోర్టు న్యాయమూర్తి నరహరిరావు గారు ఆమె విద్యను ఆదరించారు. తరువాత ఆమె మద్రాసుకు మకాం మార్చారు. అప్పటికే మద్రాసు కర్ణాటక సంగీతానికి పెద్ద కేంద్రమవుతోంది. సభలు పుడుతున్నాయి, గ్రామఫోను రికార్డులు వస్తున్నాయి. ఊరూరా తిరిగి నాగరత్నమ్మ గారు వెయ్యికి పైగా కచేరీలు చేశారు. సంస్కృత శ్లోకాలను రాగమాలికలుగా పాడడంలో, హరికథ చెప్పడంలో ఆమెకు మంచి పేరు. మద్రాసులో ఆదాయపు పన్ను కట్టిన తొలి మహిళా కళాకారిణిగా ఆమెను చెప్పుకుంటారు. సొంత ఇల్లు, నగలు, బిరుదులు, పెద్దల మన్నన, అన్నీ సమకూరాయి. ‘విద్యాసుందరి’ అన్న బిరుదు ఆమె పేరులో భాగమైపోయింది.

లోకం విజయం అనేదంతా ఆమె చేతిలో ఉంది. దానితో ఆమె ఏం చేశారు?

ముద్దుపళని పుస్తకం

మొదట ఒక పుస్తకాన్ని బతికించారు. ముద్దుపళని పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ఉన్న తెలుగు కవయిత్రి. ఆమె కావ్యం రాధికా సాంత్వనము. నాగరత్నమ్మ గారు అచ్చయిన ప్రతి తెప్పించుకుని చదివి, తరువాత దొరికిన రాతప్రతితో పోల్చి చూశారు. అచ్చులో పద్యాలు ఎగిరిపోయాయి. కవయిత్రి తన గురించి, తన ఆడ పూర్వుల గురించి చెప్పుకున్న భాగాలు కూడా మాయమయ్యాయి. ఆమె కూర్చుని పాఠం సరిచూసి పూర్తి కావ్యాన్ని సిద్ధం చేశారు. వావిళ్లవారు 1910లో దానిని అచ్చువేశారు.

గొడవ మొదలైంది. అంతకు ముందే కందుకూరి వీరేశలింగం గారు తమ కవుల చరిత్రలో ముద్దుపళనిని, ఆమె శృంగార వర్ణనలను తీవ్రంగా నిరసించారు. నాగరత్నమ్మ గారు తన పీఠికలో దానికి జంకకుండా జవాబు రాశారు. మగకవులు రాసిన శృంగారానికి లేని అభ్యంతరం ఆడది రాసినప్పుడే ఎందుకు వస్తుందన్నది ఆమె వాదం సారాంశం. వీరేశలింగం గారు స్త్రీవిద్యకు చేసిన సేవ తెలుగువారందరికీ తెలిసినదే. అంతటి మహానుభావుడితో, విద్య వల్లనే సంపాదించిన ధైర్యంతో, ఒక స్త్రీ సమవుజ్జీగా వాదించడం మన సాహిత్య చరిత్రలో మరువరాని ఘట్టం.

1911లో ప్రభుత్వం ఆ పుస్తకాన్ని అశ్లీలమని ప్రతులు స్వాధీనం చేసుకుంది. నిషేధం దాదాపు మూడున్నర దశాబ్దాలు సాగింది. టంగుటూరి ప్రకాశం పంతులు గారు మద్రాసు ప్రధానిగా ఉన్న కాలంలో అది తొలగిపోయింది. 1952లో వావిళ్లవారు మళ్లీ అచ్చువేశారు. చిన్నప్పుడు తన పాఠం మధ్యలో ఆపేస్తే ఎలా ఉంటుందో తెలిసిన మనిషి కాబట్టే, ఇంకొక స్త్రీ పాఠంలో కోతపడితే ఊరుకోలేకపోయారేమో అనిపిస్తుంది.

కావేరి ఒడ్డున

1921లో ఆమె సంగీత గురువు బిడారం కృష్ణప్ప గారి నుంచి ఉత్తరం వచ్చింది. తిరువయ్యారు వెళ్లి చూశాననీ, త్యాగరాజస్వామి సమాధి పాడుబడి ఉందనీ దాని సారాంశం. స్వామి సిద్ధి పొందింది 1847 జనవరిలో. ఆయన శిష్యులు మధ్యలో ఒకసారి సమాధిని బాగుచేయించారు కాని ఆలనాపాలనా లేక అది మళ్లీ శిథిలమైంది. త్యాగరాజు కీర్తనలు పాడి పేరూ డబ్బూ సంపాదించినవారికి కొదువ లేదు. సమాధిని పట్టించుకున్నవారు తక్కువ.

నాగరత్నమ్మ గారు మాటలతో కాలం గడపలేదు. ఆ స్థలాన్ని సంపాదించారు. కచేరీల రాబడి పెట్టారు, నగలు అమ్మారు. 1921 అక్టోబరులో శంకుస్థాపన చేసి, మందిరం కట్టించి, విగ్రహం చేయించి, 1926 జనవరిలో ప్రతిష్ఠ జరిపించారు. అప్పటికి ఆమె వయసు 47. కళాకారులు ముసలితనం కోసం నాలుగు రాళ్లు వెనకేసుకునే వయసది.

ఇప్పుడు అసలు విడ్డూరం చూడండి. అప్పటికే ఆరాధన ఉత్సవాలు నడిపే విద్వాంసులు పెద్ద పక్షం, చిన్న పక్షం అని రెండుగా చీలిపోయి ఉన్నారు. వారిలో వారికి ఎన్ని తగాదాలున్నా ఒక్క విషయంలో మాత్రం ఏకాభిప్రాయం: స్త్రీలు అక్కడ పాడకూడదు. గుడి ఆమెది, పాట వారిది!

నాగరత్నమ్మ గారు కోపంతో గుడి తలుపులు మూయలేదు. 1927లో గుడి వెనుక వైపున మూడో ఆరాధన మొదలుపెట్టారు. అది స్త్రీల ఆరాధన. తనలాంటి కళాకారిణులను పిలిచి అక్కడ పాడించారు. ముందు మగవారి పాట, వెనుక ఆడవారి పాట, మధ్యలో త్యాగరాజస్వామి. ఇలా ఏళ్లు గడిచాయి. చివరికి 1940 ప్రాంతంలో పక్షాలన్నీ ఒకటయ్యాయి. స్త్రీలకూ స్వామి ముందు పాడే చోటు దక్కింది. నేడు రేడియోలో, టీవీలో మనం వినే ఆ బృందగానంలోని ఆడగొంతులు అలా వచ్చి చేరినవే.

చట్టం, చదువు

ఇంకొక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. 1927లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి గారు మద్రాసు శాసనమండలిలో దేవదాసీ ఆచారాన్ని ఆపాలని ప్రయత్నం ప్రారంభించారు. చిన్నపిల్లల బతుకులు బాగుపడాలన్నదే ఆమె తపన. దేవదాసీల సంఘం దానిని వ్యతిరేకించింది. ఆ సంఘంలో నాగరత్నమ్మ గారు ముఖ్యులు. మమ్మల్నందరినీ ఒకే మాటతో నీతిలేనివారిగా ముద్రవేయకండి, మాకు చదువు చెప్పించండి అని వారు అడిగారు. చట్టం 1947లో వచ్చింది, రావలసిందే. అయితే చదువు కావాలన్న వారి కోరికలోని న్యాయాన్ని కూడా చరిత్ర మరచిపోకూడదు. అయిదేళ్లకే తన తలరాత ఇతరులు రాసేసిన మనిషి, ఇతరులు తన పక్షాన మాట్లాడడాన్ని ఒప్పుకోలేకపోవడం అర్థం చేసుకోదగినదే.

వీలునామా

చివరి ఏళ్లు తిరువయ్యారులోనే స్వామి సేవలో గడిపారు. ‘త్యాగసేవాసక్త’ అని ఆమెను గౌరవించారు. 1949లో వీలునామా రాసి ఆస్తిని స్వామి కైంకర్యానికి ట్రస్టు చేశారు. దేవదాసీలతో సహా స్త్రీలందరికీ ఆ సన్నిధిలో పూజించే హక్కు ఉండాలన్నది అందులో ఒక షరతు. తన పేరు చెక్కించుకోవడానికి ఆస్తి రాసినవారు చాలామంది ఉంటారు. తన తరువాత ఎవరినీ గుమ్మం దగ్గర ఆపకూడదని రాసినవారు అరుదు. 1952 మే 19న ఆమె కన్నుమూశారు. త్యాగరాజస్వామి సన్నిధికి ఎదురుగానే ఆమె సమాధి కట్టారు.

పుట్టలక్ష్మి శపథం ప్రకారం చూస్తే నాగరత్నమ్మ గెలుపు ఆమె పడుచుతనంలోనే పూర్తయింది. వెళ్లగొట్టిన ఊరిలో తలెత్తుకు తిరిగింది, చాలు. ఆమె అక్కడితో ఆగలేదు. చిన్ననాటి గాయాన్ని కొందరు జీవితాంతం మోస్తారు, కొందరు దానిని ఇతరుల మీద తీర్చుకుంటారు. ఆమె, తనను ఎక్కడెక్కడ ఆపారో అక్కడక్కడ వెనుక వచ్చేవారికి దారి తీశారు. పాఠం ఆపితే పుస్తకం అచ్చువేశారు. పాట ఆపితే వేదిక కట్టారు. గడప దగ్గర ఆపుతారేమోనని వీలునామాలో ముందే రాసిపెట్టారు.

స్వర్ణోత్సవంలో కలుసుకుంటున్న పూర్వ విద్యార్థి మిత్రులకు నా మనవి ఒక్కటే. మన సాధనల జాబితాతో పాటు, మన వల్ల ఎవరికి ఎక్కడ చోటు దొరికిందో ఇంకొక జాబితా రాసుకుందాం. మన బడిలో చదువు మధ్యలో ఆగిపోయిన పిల్లలు నిన్నా ఉన్నారు, నేడూ ఉండవచ్చు. వారిలో ఒక్కరిని వెతికి తిరిగి తరగతిలో కూర్చోబెట్టగలిగితే, సంఘం యాభై ఏళ్ల లెక్కలో దానిని మొదటి వరుసలో రాసుకోవచ్చు.