ప్రమాదకర పరిశ్రమల్లో మంటలార్పే వ్యవస్థలు

చమురు శుద్ధి కర్మాగారాలు, ఎల్పీజీ కేంద్రాలు, మందుల పరిశ్రమలు, విద్యుత్ కేంద్రాల వంటి చోట్ల మంటను పసిగట్టి, అక్కడ మండే పదార్థానికి తగిన రీతిలో అణచడానికి శాశ్వతంగా అమర్చిన ఏర్పాట్లను మంటలార్పే వ్యవస్థలు అంటారు. మంట నిలవాలంటే ఇంధనం, వేడి, ఆక్సిజన్, వాటి మధ్య ఆగకుండా సాగే రసాయన గొలుసు చర్య ఉండాలి. వీటిలో ఒక్కదాన్ని తెంచినా మంట ఆరుతుంది. దేన్ని తెంచాలన్నది మండే వస్తువును బట్టి తేలుతుంది. ఈ వ్యవస్థల చరిత్రలో దాదాపు ప్రతి కొత్త పద్ధతి వెనకా, పాత పద్ధతి చేతులెత్తేసిన సందర్భం ఒకటి ఉంది. కొత్తగా వచ్చిన పద్ధతి మనిషికో, గాలికో, నీటికో చేసే చేటు మాత్రం చాలా ఏళ్లు గడిస్తేగానీ బయటపడలేదు.

మిల్లుల్లో నీళ్లు

19వ శతాబ్దం మధ్యలో అమెరికాలోని లోవెల్ బట్టల మిల్లుల్లో పైకప్పు కింద చిల్లులు పొడిచిన ఇనుప గొట్టాలు అమర్చారు. పత్తి దూది, నూనె మరకల చెక్క నేల ఉన్న ఆ మిల్లుల్లో మంట నిమిషాల్లో అంతస్తు అంతా పాకేది. గొట్టాల్లోకి నీళ్లు వదలాలంటే మనిషి వెళ్లి వాల్వు తిప్పాలి. తిప్పాక, మంట ఒక మూలనే ఉన్నా గది మొత్తం తడిసిపోయేది. న్యూహేవెన్‌లో పియానోలు తయారుచేసే హెన్రీ పార్మలీ 1874లో వేడికి కరిగే లోహపు అతుకుతో తనంతట తెరుచుకునే స్ప్రింక్లర్‌ను తన ఫ్యాక్టరీలో పెట్టాడు. 1881లో ఫ్రెడరిక్ గ్రిన్నెల్ దాన్ని మెరుగుపరిచాడు. స్ప్రింక్లర్లు ఉన్న మిల్లులకు బీమా సంస్థలు ప్రీమియం తగ్గించాయి, దాంతో అవి వేగంగా వ్యాపించాయి. గొట్టాల కొలతలు ఊరికో రకంగా ఉండటం పెద్ద చిక్కయింది. వాటికి ఒక ప్రమాణం తేవాలని 1896లో అమెరికా జాతీయ అగ్ని రక్షణ సంఘం ఏర్పడింది. నేటికీ ప్రపంచంలో చాలా దేశాలు ఆ సంఘపు ప్రమాణాలను ఆధారం చేసుకుంటాయి.

నూనె మంటలు, నురుగు

చమురు యుగం వచ్చాక నీటి పరిమితి బయటపడింది. నూనె కంటే నీరు బరువు కాబట్టి అడుగుకు దిగిపోతుంది, మంట పైన అలాగే ఉంటుంది. ముడిచమురు ట్యాంకు గంటల తరబడి మండితే వేడి పొర కిందికి దిగుతూ అడుగున ఉన్న నీటిని చేరుతుంది. నీరు ఆవిరైతే దాని పరిమాణం సుమారు 1,700 రెట్లు పెరుగుతుంది. ఆ ఆవిరి పైనున్న మండే నూనెను ట్యాంకు బయటికి ఎగజిమ్ముతుంది. 1982 డిసెంబరు 19న వెనిజులాలోని టకోవా విద్యుత్ కేంద్రంలో ఇలాగే జరిగి 150 మందికి పైగా చనిపోయారు. వారిలో మంట ఆర్పడానికి వెళ్లినవారూ ఉన్నారు.

నీటితో ఆరని నూనె మంటలకు పరిష్కారం 20వ శతాబ్దం మొదట్లోనే బాకూలో దొరికింది. అప్పట్లో రష్యా చమురు పరిశ్రమకు అదే కేంద్రం. అక్కడ ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఇంజినీరు అలెగ్జాండర్ లోరాన్, మండే చమురును దాని కంటే తేలికైన దానితో కప్పాలని ఆలోచించాడు. సోడియం బైకార్బొనేట్, అల్యూమినియం సల్ఫేట్ ద్రావణాలను కలిపితే కార్బన్ డయాక్సైడ్ బుడగలు పుడతాయి. బుడగలు త్వరగా పగలకుండా ఉంచే పదార్థం చేరిస్తే అది పాలమీద మీగడలా నూనెపై తేలి, ఆవిరిని పైకి రానివ్వదు, గాలిని లోపలికి చేరనివ్వదు. 1904లో అతను పేటెంటు తీసుకున్నాడు. తర్వాత 1930లలో పశువుల గిట్టలు, కొమ్ముల నుంచి తీసిన ప్రొటీన్ ద్రవాన్ని నీటితో, గాలితో కలిపి నురుగు చేసే పద్ధతి వచ్చింది. ఆ ద్రవాన్ని డ్రమ్ముల్లో నిల్వ ఉంచి కావలసినప్పుడు వాడుకునే వీలుండటంతో రసాయన నురుగు వెనకబడింది.

అమెరికా నౌకాదళ పరిశోధనాశాల 1960లలో ఫ్లోరిన్ సమ్మేళనాలతో పలుచని నీటిపొరగా పరుచుకునే నురుగును తయారుచేసింది. 1967 జులై 29న ఫారెస్టల్ విమాన వాహక నౌకపై చెలరేగిన మంటల్లో 134 మంది మరణించాక దాని వాడకం ఊపందుకుంది. పెట్రోలు, డీజిలు మంటల మీద ఇంత వేగంగా పనిచేసింది మరొకటి లేదు. అయితే మిథనాల్, అసిటోన్ లాంటి నీటిలో కలిసే ద్రావకాల మీద మామూలు నురుగు నిలవదు, నురుగులోని నీటిని ద్రావకం లాగేసుకుని బుడగలు కూలిపోతాయి. అలాంటి ద్రావకాలకు పాలిమర్ పొర ఏర్పరిచే ప్రత్యేక నురుగు కావాలి. జీడిమెట్ల, పటాన్‌చెరు, పరవాడల్లోని మందుల ఫ్యాక్టరీలు రోజూ వాడేవి ఈ ద్రావకాలే. డ్రమ్ములో ఏ రకం నురుగు ద్రవం ఉందన్నది కొనుగోలు విభాగానికే వదిలేయదగ్గ విషయం కాదు, షిఫ్టులో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.

గ్యాస్ గోళాలు: ఆర్పడం కంటే చల్లబరచడం

1966 జనవరి 4న ఫ్రాన్స్‌లోని ఫెయ్‌జాన్ రిఫైనరీలో ప్రొపేన్ గోళం నుంచి నీరు తీస్తుండగా వాల్వు గడ్డకట్టి మూతపడలేదు. పారిన గ్యాస్ పక్క రోడ్డు మీది కారు దగ్గర అంటుకుంది. మంట వెనక్కి వచ్చి గోళం కింద నిలిచింది. రిలీఫ్ వాల్వు కాపాడుతుందన్న నమ్మకంతో సిబ్బంది నీళ్లను పక్క గోళాల మీదికే ఎక్కువగా మళ్లించారు. దాదాపు గంటన్నరకు ఆ గోళం పేలింది. 18 మంది మరణించారు. రిలీఫ్ వాల్వు లోపలి ఒత్తిడిని తగ్గించగలదుగానీ, మంటకు మెత్తబడిన ఉక్కును కాపాడలేదు. ద్రవం తాకని పైభాగం ముందుగా బలహీనపడి చీలుతుంది.

అందువల్ల గోళాల చుట్టూ తెరిచి ఉన్న నాజిళ్ల వరసలతో డెల్యూజ్ ఏర్పాటు తప్పనిసరి అయింది. వేడి పసిగట్టగానే ఒకే వాల్వు తెరుచుకుని గోళం మొత్తాన్ని తడుపుతుంది. మిల్లు గొట్టాల్లో లోపమనుకున్న లక్షణమే ఇక్కడ ప్రాణం కాపాడేదయింది. ఎల్పీజీ గోళానికి చదరపు మీటరుకు నిమిషానికి సుమారు 10 లీటర్ల నీరు పట్టాలన్నది భారతీయ ప్రమాణం. కారుతున్న గ్యాస్ మంటను వాల్వు మూయకుండా ఆర్పకూడదు. ఆర్పితే గ్యాస్ మేఘంలా పరుచుకుని మరోచోట అంటుకుంటుంది.

తెలుగువారికి ఈ పాఠం 1997 సెప్టెంబరు 14న ఎదురైంది. విశాఖపట్నం హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీలో ఓడ నుంచి ఎల్పీజీ దింపుతుండగా లీకైన గ్యాస్ అంటుకుంది. సుమారు 60 మంది మరణించారు, చుట్టుపక్కల ట్యాంకులూ మండిపోయాయి. నగరం నుంచి జనం మూకుమ్మడిగా తరలిపోయారు.

గదులకు వాయువులు

కంట్రోల్ రూములు, కేబుల్ గ్యాలరీల్లో నీళ్లు పోస్తే మంట కంటే ఎక్కువ నష్టం జరగొచ్చు. అందుకని 20వ శతాబ్దం తొలి దశకాల నుంచి కార్బన్ డయాక్సైడ్ వాడకం మొదలైంది. మంట ఆరాలంటే గదిలో అది కనీసం 34 శాతం ఉండాలి. 10 శాతం దాటితేనే మనిషి నిమిషాల్లో స్పృహ తప్పుతాడు. కాబట్టి దాన్ని వదిలేముందు సైరన్ మోగాలి, బయటికి వెళ్లేంత వ్యవధి ఇవ్వాలి, లోపల పని జరుగుతుంటే వాల్వుకు తాళం వేయాలి. 1998 జులైలో అమెరికాలోని ఐడహో అణు పరిశోధన కేంద్రంలో మరమ్మతు సమయంలో ఈ వాయువు హెచ్చరిక లేకుండా విడుదలై ఒక కార్మికుడు చనిపోయాడు. అక్కడ మంటే లేదు.

ఈ భయం లేని వాయువుగా హాలాన్ 1301 ముందుకొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా సైన్యం జరిపించిన పరీక్షల్లోంచి ఎంపికైన ఈ వాయువు ఆక్సిజన్‌ను తగ్గించదు, మంటలోని గొలుసు చర్యనే తెంచుతుంది. గదిలో 5 శాతం ఉంటే చాలు, లోపల మనిషి ఉన్నా ఊపిరాడుతుంది. అందులోని బ్రోమిన్ ఓజోన్ పొరను తినేస్తుందని తెలిశాక, 1987 మాంట్రియల్ ఒప్పందం కింద సంపన్న దేశాల్లో 1994 నుంచి, వర్ధమాన దేశాల్లో 2010 నాటికి ఉత్పత్తి ఆగింది. దాని స్థానంలో హైడ్రోఫ్లోరోకార్బన్లు (హెచ్‌ఎఫ్‌సీలు) వచ్చాయి, అవి వాతావరణ తాపాన్ని పెంచుతాయన్న కారణంగా వాటిపై అదే ఒప్పందానికి 2016లో చేసిన కిగాలీ సవరణ ఆంక్షలు పెట్టింది. నైట్రోజన్, ఆర్గాన్ మిశ్రమాలు మాత్రం గాలిలో ముందే ఉన్నవి కావడంతో ఈ చిక్కులేవీ లేకుండా నిలిచాయి. వాటికి సిలిండర్లు ఎక్కువ కావాలి, చోటు ఎక్కువ కావాలి. ఆ ఖర్చు పెట్టదగ్గదే.

పంపుహౌసు ఎక్కడ?

2005 డిసెంబరు 11న ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ డిపోలో నిండిన ట్యాంకు పొర్లి పెట్రోలు ఆవిరి మేఘం పేలింది. మంటలార్పే నీటి పంపుహౌసు ఆ పేలుడులో పోయింది. నిప్పు రాజుకున్న చోటు కూడా బహుశా అదేనని దర్యాప్తు తేల్చింది. 2009 అక్టోబరు 29న జైపూర్ సీతాపుర డిపోలో దాదాపు అదే కథ. గంటకు పైగా పెట్రోలు కారింది, పేలుడు తర్వాత ట్యాంకులు 11 రోజులు మండాయి. వాటిని మండనివ్వడం తప్ప మరో మార్గం లేకపోయింది. ఈ ప్రమాదంపై దర్యాప్తు చేసిన ఎం.బి.లాల్ కమిటీ సిఫార్సులతో దూరం నుంచి మూసే వాల్వులు, గ్యాస్ డిటెక్టర్లు, నీటిని దూరం జిమ్మే మానిటర్లు చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ నిబంధనల్లో బలపడ్డాయి. నాజిళ్లెన్ని ఉన్నాయన్న లెక్క కంటే పంపుహౌసు ఎంత దూరంలో ఉంది, డీజిల్ పంపు ఈ వారం తిప్పి చూశారా అన్నవే ముందుగా అడగాల్సిన ప్రశ్నలు.

పొడులు, నురుగు విషం, బ్యాటరీలు

మండే స్వభావమున్న సన్నని పొడి గాలిలో లేచినప్పుడు నిప్పు తగిలితే సెకనులో చిన్న భాగంలోనే పేలుతుంది. అందుకని డ్రయ్యర్లు, గాలి నుంచి పొడిని వేరుచేసే సైక్లోన్లలో ఒత్తిడి పెరగడం మొదలైన మిల్లీసెకన్లలో సోడియం బైకార్బొనేట్ పొడిని చిమ్మే వ్యవస్థలు పెడతారు. 2025 జూన్ 30న పాశమైలారంలోని మందుల పరిశ్రమలో జరిగిన పేలుడులో 50 మందికి పైగా బలయ్యారు. అక్కడ తయారయ్యే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ మండే పొడే.

ఫ్లోరిన్ నురుగుల్లోని సమ్మేళనాలు నేలలో, భూగర్భ జలాల్లో, మనుషుల రక్తంలో చేరి విచ్ఛిన్నం కాకుండా నిలుస్తాయని తేలింది. 2009లో స్టాక్‌హోమ్ ఒప్పందం వాటిలో ముఖ్యమైన పీఎఫ్ఓఎస్‌ను నియంత్రణ జాబితాలో చేర్చింది. ఫ్లోరిన్ లేని నురుగులు ఇప్పుడు మార్కెట్లో ఉన్నా, అవి పాత డ్రమ్ములోనే పోసి వాడుకునేవి కావు. చిక్కదనం వేరు కాబట్టి నురుగు ద్రవాన్ని నీటిలో సరైన పాళ్లలో కలిపే ప్రపోర్షనర్లను, నాజిళ్లను మార్చి పరీక్షించాలి.

2019 ఏప్రిల్ 19న అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, సర్‌ప్రైజ్ పట్టణంలోని లిథియం బ్యాటరీ కేంద్రంలో వాయు వ్యవస్థ అనుకున్నట్టే పనిచేసింది. కానీ కణాల్లో పుట్టే వేడి ఒకదాని నుంచి మరోదానికి పాకుతూనే ఉంది, మండే వాయువులు గదిలో నిండాయి. సిబ్బంది తలుపు తీసిన కాసేపటికే పేలుడు జరిగి అగ్నిమాపక సిబ్బంది తీవ్రంగా గాయపడ్డారు. బ్యాటరీ మంటకు ఆక్సిజన్ తగ్గిస్తే సరిపోదు. నీటితో వేడి లాగాలి, వాయువులను బయటికి తోలే ఫ్యాన్లు, ఒత్తిడిని వదిలే తలుపులు ఉండాలి. అక్కడ నేర్చిన విషయాలు బ్యాటరీ కేంద్రాల ప్రమాణాల్లో చేరుతున్నాయి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం కణాల కర్మాగారం రూపుదిద్దుకుంటున్నందువల్ల తెలంగాణ అగ్నిమాపక సిబ్బందికి కూడా వీటిలో శిక్షణ అవసరం.