ఇంటిలో నిర్మించిన సింథసైజర్: మాడ్యులర్ వాద్యచరిత్రలో స్వయంనిర్మాతల స్థానం

వ్యాససంగ్రహం:

మాడ్యులర్ సింథసైజర్ చరిత్రను సాధారణంగా కొద్దిమంది ఆవిష్కర్తల జీవితగాథగానో, కొన్ని సంస్థల ఉత్థానపతనాలుగానో రాస్తూ వచ్చారు. ఇంటిలో సర్క్యూట్ పలకలకు టంకం వేసి, తమ వాద్యాన్ని తామే నిర్మించుకున్న అభిరుచిపరులకు ఆ చరిత్రలో దక్కిన చోటు స్వల్పం. ప్రచురితమైన సర్క్యూట్ పటమే ఈ వాద్యపరంపరకు ఆధారమని, స్వయంనిర్మాణం ఈ చరిత్రకు అనుబంధం కాక మూలమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మాడ్యులర్ సింథసైజర్, స్వయంనిర్మాణం, వోల్టేజి నియంత్రణ, సర్క్యూట్ పటం, చరిత్రరచన.

1. ఉపోద్ఘాతం:

వీణ చేసే వడ్రంగి వేరు, వాయించే వైణికుడు వేరు. మన సంగీతసంప్రదాయంలో ఈ విభజన సహజంగా కనిపిస్తుంది. మాడ్యులర్ సింథసైజర్ విషయంలో మాత్రం ఈ గీత తరచూ చెరిగిపోయింది. ఈ వాద్యం ఒకే వస్తువు కాదు. ధ్వనిని పుట్టించే ఆసిలేటర్, దాని గుణాన్ని మార్చే ఫిల్టర్, తీవ్రతను నియంత్రించే యాంప్లిఫయర్, కాలక్రమాన్ని నిర్ణయించే ఎన్వలప్ జనరేటర్ విడివిడి మాడ్యూళ్లుగా ఉంటాయి. వాటిని తీగలతో ఏ క్రమంలో కలపాలో వాద్యకారుడే నిర్ణయించుకుంటాడు. విడిభాగాల సముదాయం కావడం వల్లనే దీనిని ఒక్కొక్క మాడ్యూల్‌గా ఇంటిలో నిర్మించుకోవడం సాధ్యమైంది.

2. ఆవిష్కర్త కూడా స్వయంనిర్మాతే:

రాబర్ట్ మూగ్ (1934–2005) పేరు సింథసైజర్‌కు పర్యాయపదంగా స్థిరపడింది. అయితే ఆయన ప్రస్థానం పరిశోధనశాలలో మొదలుకాలేదు. కౌమారదశలోనే తండ్రితో కలిసి ఇంటిలో థెరెమిన్ వాద్యాలు నిర్మించాడు. 1954లో ఆ వాద్యనిర్మాణంపై ఒక పత్రికలో వ్యాసం రాశాడు. 1961 జనవరిలో 'ఎలక్ట్రానిక్స్ వరల్డ్' పత్రికలో ట్రాన్సిస్టర్ థెరెమిన్ నిర్మాణవిధానాన్ని ప్రచురించి, దాని విడిభాగాల కిట్లను సుమారు వెయ్యి వరకు అమ్మాడు.

ఇక్కడ గమనించదగిన అంశం ఒకటుంది. 1963లో మూగ్‌ను కలిసి, ఎలక్ట్రానిక్ సంగీతానికి పనికివచ్చే పరికరాల గురించి చర్చించిన స్వరకర్త హెర్బర్ట్ డ్యూష్ అంతకుముందే మూగ్ కిట్‌తో థెరెమిన్ నిర్మించుకున్నవాడు. అంటే సింథసైజర్‌కు దారితీసిన పరిచయానికి వారధి ఒక స్వయంనిర్మాణ కిట్. 1964లో వారిద్దరి కృషితో తొలి నమూనా రూపొందింది. అదే సంవత్సరం అక్టోబరులో వోల్టేజి నియంత్రిత మాడ్యూళ్లపై మూగ్ ఆడియో ఇంజనీరింగ్ సొసైటీలో పత్రం సమర్పించాడు. దాదాపు అదే కాలంలో డాన్ బుక్లా, శాన్‌ఫ్రాన్సిస్కో టేప్ మ్యూజిక్ సెంటర్ స్వరకర్తలు మోర్టన్ సుబోట్నిక్, రామన్ సెండర్‌ల కోరికపై స్వతంత్రంగా మరో మాడ్యులర్ వ్యవస్థను రూపొందించాడు.

3. ప్రచురణ – ప్రసారం:

1968లో వెలువడిన వెండీ కార్లోస్ 'స్విచ్డ్-ఆన్ బాక్' మూగ్ వాద్యానికి విశేషప్రజాదరణ తెచ్చింది. కాని వేల డాలర్ల ధర వల్ల ఆ వాద్యం విశ్వవిద్యాలయాలకు, స్టూడియోలకు, సంపన్న సంగీతకారులకే అందింది. వినాలన్న కోరిక అందరికీ కలిగింది, వాయించే అవకాశం కొందరికే దక్కింది. ఈ అంతరాన్ని పూరించినవి నిర్మాణపత్రికలు, కిట్లు. ఇందుకు ముఖ్యమైన ఉదాహరణలు:

• అమెరికాలోని ఓక్లహోమాలో జాన్ సైమన్‌టన్ స్థాపించిన పాయా ఎలక్ట్రానిక్స్ 1970లలో మాడ్యూళ్ల కిట్లను తపాలా ద్వారా అందించింది.

• కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నీ హచిన్స్ 1972లో 'ఎలక్ట్రోనోట్స్' అనే లేఖాపత్రికను ప్రారంభించి, సర్క్యూట్లతోపాటు వాటి గణితాన్ని కూడా చందాదారులకు వివరించాడు.

• కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ది ఆర్ట్స్‌లో సెర్జ్ చెరెప్నిన్ రూపకల్పన చేసిన మాడ్యూళ్లను 1970ల తొలినాళ్లలో విద్యార్థులు తామే టంకం వేసి నిర్మించుకున్నారు. ఖరీదైన బుక్లా వ్యవస్థకు ప్రత్యామ్నాయం చూపడం అందులోని లక్ష్యం.

• 1973లో బ్రిటన్‌లో 'ప్రాక్టికల్ ఎలక్ట్రానిక్స్', ఆస్ట్రేలియాలో 'ఎలక్ట్రానిక్స్ టుడే ఇంటర్నేషనల్' సింథసైజర్ నిర్మాణాన్ని వ్యాసపరంపరగా ప్రచురించాయి. 1977లో 'ఎలెక్టర్' పత్రికలో సి. చాప్‌మన్ రూపొందించిన 'ఫార్మెంట్' మాడ్యులర్ సింథసైజర్ వెలువడింది.

మూగ్ ఫిల్టర్‌కు 1969లో పేటెంటు లభించింది. ఒకవైపు పేటెంటు ద్వారా రక్షణ, మరొకవైపు పత్రికల ద్వారా ప్రసారం. జ్ఞానం ఎవరిదన్న ప్రశ్న ఈ వాద్యచరిత్రలో ఆదినుంచీ ఉంది.

4. నిర్మాతకు ఎదురైన శ్రుతిసమస్య:

స్వయంనిర్మాణం పటాన్ని యాంత్రికంగా అనుకరించడం మాత్రమే కాదనడానికి ఆసిలేటర్ మంచి తార్కాణం. మూగ్ స్థిరపరచిన పద్ధతిలో నియంత్రణ వోల్టేజి 1 వోల్టు పెరిగితే శ్రుతి ఒక స్థాయి పెరగాలి. అంటే పౌనఃపున్యం రెట్టింపు కావాలి. ఇందుకు ట్రాన్సిస్టర్ సహజగుణాన్ని వాడుకుంటారు. గది ఉష్ణోగ్రత వద్ద దాని బేస్ వోల్టేజి సుమారు 18 మిల్లీవోల్టులు పెరిగితే కలెక్టర్ విద్యుత్తు రెట్టింపవుతుంది. కాబట్టి 1 వోల్టును 18 మిల్లీవోల్టులకు కుదించి అందిస్తారు. అక్కడ ఒక్క మిల్లీవోల్టు తేడా వచ్చినా శ్రుతి సుమారు మూడింట రెండు వంతుల అర్ధస్వరం తప్పుతుంది.

అంతకన్నా జటిలమైనది ఉష్ణోగ్రత. ట్రాన్సిస్టర్ సొంత విద్యుత్తులోని మార్పును, సమానగుణాలుగల రెండు ట్రాన్సిస్టర్లను ఒకదానికొకటి ఆనించి అమర్చడం ద్వారా తొలగించవచ్చు. అయినా డిగ్రీకి సుమారు 0.33 శాతం చొప్పున స్వరాంతరం మారుతూనే ఉంటుంది. 25 డిగ్రీల వద్ద సరిచేసిన ఆసిలేటర్‌ను విజయవాడ వేసవిలో 40 డిగ్రీల గదిలో వాయిస్తే, మూడు స్థాయిల వ్యాప్తిలో దాదాపు రెండు అర్ధస్వరాల దోషం వస్తుంది. ఉష్ణోగ్రతతోపాటు అదే నిష్పత్తిలో నిరోధం పెరిగే ప్రత్యేక రెసిస్టర్‌ను చేర్చడం దీనికి పరిష్కారం. సిద్ధంగా కొన్నవాడికి ఈ జ్ఞానంతో పనిలేదు. నిర్మించినవాడికి ఇది తప్పనిసరి. తంబుర జీవాను సవరించే చేతికి శ్రుతిజ్ఞానం ఎలా అవసరమో, ఇక్కడా అంతే.

5. క్షీణత – పునరుజ్జీవనం:

1983లో మిడి ప్రమాణం, యమహా డీఎక్స్7 వాద్యం రావడంతో డిజిటల్ యుగం బలపడింది. ధ్వని చిప్పులోకి, ప్రోగ్రాములోకి వెళ్లిపోయింది. ఇంటిలోని టంకపుకడ్డీకి అందని వాద్యాలు విపణిని ఆక్రమించాయి.

1990ల మధ్యలో జర్మనీకి చెందిన డీటర్ డోఫర్ ఏ-100 వ్యవస్థతో మాడ్యులర్ పద్ధతి మళ్లీ వ్యాపించింది. 128.5 మిల్లీమీటర్ల పలక ఎత్తు, 3.5 మిల్లీమీటర్ల జాక్, ధన, రుణ 12 వోల్టుల సరఫరా అనే కొలతలు 'యూరోర్యాక్' పేర ఉమ్మడి ప్రమాణంగా మారాయి. కొలతలు అందరికీ తెలియడంతో ఒకరి మాడ్యూల్ మరొకరి పెట్టెలో అమరింది. ఇంటిలో చేసిన మాడ్యూల్‌కూ అందులో సమానస్థానం లభించింది. రే విల్సన్ 2013లో స్వయంనిర్మాతల కోసం అనలాగ్ సింథసైజర్లపై గ్రంథం ప్రచురించాడు. ఫ్రాన్స్‌కు చెందిన ఎమిలీ జిల్లే మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ మాడ్యూళ్ల పటాలను, ప్రోగ్రాములను స్వేచ్ఛానుమతితో విడుదల చేసింది. 2022లో ఆ సంస్థ మూతపడినా, ఆ మాడ్యూళ్లను ఇతరులు నిర్మిస్తూనే ఉన్నారు. సంస్థ ఆయుష్షు కన్నా పటం ఆయుష్షు ఎక్కువ.

6. భారతీయసందర్భం – ఆధారాల సమస్య:

1969లో గీతా సారాభాయ్ చొరవతో, డేవిడ్ ట్యూడర్ సహాయంతో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ వ్యవస్థతో స్టూడియో ఏర్పడింది. 1969–72 మధ్య అక్కడ భారతీయ స్వరకర్తలు చేసిన రచనల టేపులను పాల్ పర్గస్ ఆ సంస్థ భాండాగారంలో గుర్తించి వెలుగులోకి తెచ్చాడు. అవి 2023లో సంకలనంగా విడుదలయ్యాయి.

ఈ ఉదాహరణ చరిత్రకారునికి ఒక మెలకువ నేర్పుతుంది. సంస్థ ఉంది కాబట్టి, ఆలస్యంగానైనా టేపులు దొరికాయి, స్వరకర్తల పేర్లు దక్కాయి. ఇంటిలో నిర్మించిన మాడ్యూళ్లకు అలాంటి భాండాగారం లేదు. పత్రికల్లోని పటం నిలిచింది. దానిని చూసి నిర్మించినవారి పేర్లు, వారు సొంతంగా చేసుకున్న సవరణలు, వాటిపై పలికిన సంగీతం చాలావరకు నమోదు కాలేదు. మన తాళపత్రాల్లో మూలపాఠం మిగిలి, లేఖకుని ఊరూపేరూ చెరిగిపోయిన స్థితితో దీనిని పోల్చవచ్చు.

7. ముగింపు:

• ప్రచురిత పటం, కిట్ మాడ్యులర్ సింథసైజర్ పుట్టుకకు ముందే ఉన్నాయి. స్వయంనిర్మాణం దాని తరువాతి అనుకరణ కాదు.

• విపణి వదిలిన కాలంలోనూ, సంస్థలు మూతపడిన తరువాతా ఈ జ్ఞానం బహిరంగ పటాల రూపంలో నిలిచింది.

• పటాల చరిత్ర లభ్యమే. నిర్మాతల చరిత్ర ఇంకా సేకరించవలసి ఉంది. పాతపెట్టెల్లోని మాడ్యూళ్లు, పటాల అంచుల్లో పెన్సిలుతో రాసుకున్న సవరణలు కూడా తాళపత్రాల వలెనే పరిష్కరణకు అర్హమైన ఆధారాలు. వాటిని నిర్మించిన తరం మన మధ్య ఉండగానే ఆ పని ఆరంభం కావాలి.